గోలీ ఎక్కడ వెతుకుద్ది? పిల్లల మనసు పరీక్షల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో సాలీ, ఆన్ బొమ్మల కథ గురించి ఓ అర పేజీ రాశాను, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలా. చదవని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. సాలీ తన గోలీని బుట్టలో పెట్టి బయటికి పోతుంది, ఆ పిల్ల లేనప్పుడు ఆన్ ఆ గోలీ తీసి పెట్టెలో దాస్తుంది, సాలీ తిరిగొచ్చాక గోలీ కోసం ఎక్కడ వెతుకుద్ది అని పిల్లల్ని అడుగుతారు. బుట్టలో అంటే, తను చూసింది సాలీ చూళ్ళేదని పిల్లాడికి అర్థమైనట్టు. పెట్టెలో అంటే, తనకి తెలిసిందే అందరికీ తెలుసని ఇంకా అనుకుంటున్నట్టు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు చాక్లెట్ కథతో దీన్ని మొదలుపెట్టారు, 1985లో బారన్ కోహెన్, లెస్లీ, ఫ్రిత్ కలిసి బొమ్మలతో ఆటిజం ఉన్న పిల్లలకి చూపిస్తే 20 మందిలో 16 మంది తప్పు చెప్పారు. మామూలుగా నాలుగైదేళ్ళకి పిల్లలు బుట్ట అనేస్తారు. ఎదుటివాడి బుర్రలో ఏముందో ఊహించే ఈ తెలివికే థియరీ ఆఫ్ మైండ్ అని పేరు. ఇంక ఉత్తరాల్లోకి పోదాం.

ప్రశ్న (కోవూరు నుంచి ఒక పాఠకురాలు): మేడమ్, మా తమ్ముడు వాళ్ళు ఉద్యోగం మీద మాడ్రిడ్ పోయి రెండేళ్ళయింది. మా మేనల్లుడికి ఏడేళ్ళు, ఇంట్లో తెలుగు, బళ్ళో స్పానిష్. బళ్ళో సైకాలజిస్టు ఏవో కథలు చెప్పి ప్రశ్నలడిగి, ఎదుటివాళ్ళ మనసు అర్థం చేసుకోవడంలో వయసుకి తగ్గట్టు లేడని కాగితం రాసిచ్చిందంట. మా మరదలు అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. కానీ వాడు నాతో వీడియో కాల్‌లో "అత్తా, నేను ట్యాబ్ పగలగొట్టింది నాన్నకి చెప్పబాకు, నాన్న ఇంకా చూళ్ళేదు" అంటాడు. ఇట్టాంటి వాడికి మనసు అర్థం కాకపోవడం ఏందమ్మా?

జవాబు: మీరు రాసిన ఆ ఒక్క మాటలో చాలా ఉంది. నాన్న ఇంకా చూళ్ళేదు, అత్త చెప్తే తెలుస్తుంది, చెప్పకపోతే తెలీదు... ఎవరికి ఏం తెలుసో, ఏం తెలీదో లెక్కేసుకుని మాట్లాడుతున్నాడు కదా పిల్లోడు. సాలీ కథలో అడిగేది కూడా ఇదే. ఇంతోటి దానికి మీ మరదలు అన్నం మానేయక్కర్లేదు, కానీ కాగితాన్ని చెత్తబుట్టలో కూడా వెయ్యొద్దు. దాని గురించి అడగాల్సినవి కొన్నున్నాయి.

మొదట అడగాల్సింది ఏ టెస్టు అని, దాన్ని ఏ దేశం పిల్లల మీద సరిచూశారని. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, అన్నిచోట్లా ఒకే స్పానిష్ కాదు. అర్జెంటీనాలో తోర్తా అంటే పుట్టినరోజు కేకు, మెక్సికోలో అదే మాటకి బన్నులో కూరలు, మాంసం పెట్టిన శాండ్‌విచ్ అని అర్థం. గువాగువా అంటే క్యూబాలో బస్సు, చిలీలో చంటిబిడ్డ. కథలో పిల్లాడు గువాగువా కోసం ఎదురుచూస్తున్నాడు అని ఉంటే చిలీ పిల్ల ఏం బొమ్మ ఊహించుకుంటుందో ఆలోచించండి. అందుకే ఒక దేశంలో తయారైన స్పానిష్ టెస్టుని ఇంకో దేశంలో వాడేముందు కూడా మళ్ళీ సరిచూస్తారు. సొంత భాష పిల్లలకే ఇన్ని తిప్పలుంటే, రెండేళ్ళ కిందట కొత్తగా ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన మీ మేనల్లుడి సంగతి వేరే చెప్పాలా.

ఇంకో సంగతి, ఈ పరీక్షల్లో మార్కులకి భాషకి చాలా దగ్గర సంబంధం ఉంది, 2007లో 104 పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు కూడా భాష బాగా వచ్చిన పిల్లలే వీటిల్లో బాగా చేస్తారని తేలింది. కాబట్టి వాడికి స్పానిష్ రాక తప్పాడా, మనసు తెలీక తప్పాడా అన్నది ఆ కాగితం ఒక్కటే చూసి చెప్పలేం. దీన్ని పట్టుకోడానికి టెస్టులోనే ఒక కిటుకు పెట్టారు. అసలు ప్రశ్నతో పాటు, గోలీ ఇప్పుడు ఎక్కడుంది, మొదట ఎక్కడుండింది అని మామూలు ప్రశ్నలు రెండు అడుగుతారు. వాటికి కూడా తప్పు చెప్పుంటే వాడికి కథే అర్థం కాలేదన్నమాట, ఇక అసలు ప్రశ్నకి మార్కులు లెక్కలోకి రావు. మీ తమ్ముణ్ణి పోయి ఆ రెండు ప్రశ్నలకి ఏం చెప్పాడో అడగమనండి. అవే కథల్ని ఇంట్లో వాళ్ళమ్మ తెలుగులో చెప్తే ఏం చెప్తాడో చూసి ఆ సంగతి కూడా సైకాలజిస్టుకి చెప్పమనండి, మంచి సైకాలజిస్టయితే సంతోషంగా వింటుంది. పేరు పెట్టి పిలిచినా పలక్కపోవడం, తోటి పిల్లలతో అసలు కలవకపోవడం, చిన్న మార్పుకే తట్టుకోలేకపోవడం లాంటివి ఉంటే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు పూర్తి పరీక్ష చేయించాల్సిందే. ఒక్క కథల టెస్టు మీద ఆటిజం అని ఎవరూ తేల్చరు, తేల్చకూడదు.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఎమ్మెస్సీ సైకాలజీ స్టూడెంట్): నా ప్రాజెక్టుకి, థియరీ ఆఫ్ మైండ్ టెస్టుల్ని స్పానిష్ పిల్లలకి, టీనేజర్లకి ఎలా మార్చుకున్నారో చదువుతున్నాను. అదే పద్ధతిలో మన ప్రకాశం, నెల్లూరు పిల్లలకి తెలుగులో చేద్దామని ఉంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టి, ఇంగ్లీషు లెక్చరర్ గారితో ఓసారి దిద్దించుకుంటే సరిపోతుందా మేడమ్? టైమ్ తక్కువ ఉంది.

జవాబు: టైమ్ తక్కువ ఉందని మీరు దాచకుండా రాశారు, సంతోషం, నేను కూడా దాచకుండా చెప్తా, సరిపోదు. ట్రాన్స్‌లేషన్ ఇందులో అన్నిటికంటే తేలికైన పని.

పిల్లల్లో రెండో మెట్టు టెస్టుకి, అంటే ఒకరి మనసులో ఏముందని ఇంకొకరు అనుకుంటున్నారో ఊహించే టెస్టుకి, 1985 నుంచి వాడుతున్న ఐస్‌క్రీమ్ వ్యాన్ కథ తీసుకోండి. జాన్, మేరీ పార్కులో ఉంటారు, ఐస్‌క్రీమ్ ఆయన సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానంటాడు, జాన్ డబ్బులకి ఇంటికి పోతాడు. ఈలోపు ఆయన మనసు మార్చుకుని చర్చి దగ్గరికి పోతున్నానని మేరీకి చెప్తాడు, దారిలో జాన్ కనపడితే జాన్‌కీ చెప్తాడు, కానీ జాన్‌కి తెలిసిందని మేరీకి తెలీదు. మేరీ జాన్ వాళ్ళింటికి పోతే వాళ్ళమ్మ, ఐస్‌క్రీమ్ కొనుక్కోడానికి పోయాడమ్మా అంటుంది. ఇప్పుడు జాన్ ఎక్కడికి పోయాడని మేరీ అనుకుంటుంది? పార్కుకి. ఆరేడేళ్ళ పిల్లలు ఇందులో నిలబడగలుగుతారు. ఇప్పుడు దీన్ని మన ఊళ్ళోకి తెండి. వ్యాన్ లేదు, పుల్లైసు బండి ఉంది, పార్కు బదులు బడి, చర్చి బదులు రామాలయం పెట్టొచ్చు, ఇదంతా బానే ఉంది. మెక్సికోలో కూడా తోపుడుబండి మీద పుల్లైసులమ్మే పాలెతెరోలు ఉంటారు, అక్కడి పిల్లలకి అదే పెట్టుకోవాలి. కానీ అసలు చిక్కు ఇంకోచోట ఉంది, మన పుల్లైసు ఆయన ఒక్కచోట నిలబడడు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానంటే మన పిల్లలు నమ్మరు, హారన్ కొట్టుకుంటా వీధులన్నీ తిరిగే మనిషి కదా ఆయన. అప్పుడు జాన్ పార్కులో ఉంటాడని అనుకోవడానికి మేరీకి ఆధారమే లేకుండా పోయింది, కథ వెన్నెముక విరిగింది. బండి తీసేసి బడి గేటు పక్కన అంగడి పెడదామంటే, అంగడి ఇంకోచోటికి నడిచిపోదు! చివరికి సంతలో దుకాణమో, తిరణాలలో బొమ్మల కొట్టో పెట్టుకోవాల్సి రావచ్చు. ఇలా ప్రతి కథనీ విప్పి, ఏ ముక్క దేన్ని మోస్తుందో చూసుకుని మళ్ళీ బిగించాలి.

స్మార్టీస్ గొట్టం టెస్టు ఉంది కదా, 1987ది, చాక్లెట్ డబ్బా చూపించి లోపల ఏముందంటే పిల్లలు చాక్లెట్లంటారు, తెరిస్తే పెన్సిళ్ళుంటాయి, మళ్ళీ మూసేసి, దీన్ని చూడని నీ ఫ్రెండు ఏముందంటాడు అని అడుగుతారు. స్పెయిన్ పిల్లలకి స్మార్టీస్ కంటే లకాసితోస్ బాగా తెలుసు, ఆ డబ్బా పెడితే సరి. మనకి ఏ డబ్బా పెడతారు? హార్లిక్స్ సీసా అనొద్దు దయచేసి. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బిస్కెట్ డబ్బాలో సూది దారం, ఐస్‌క్రీమ్ డబ్బాలో దోసెల పిండి చూసి పెరిగిన పిల్లలు మనోళ్ళు, ఏముందంటే "మా అవ్వ ఏం పోసిందో" అంటారు. వాళ్ళు తప్పినట్టా? డబ్బా చూడగానే లోపల ఇదే ఉంటుందని పిల్లాడికి గట్టి నమ్మకం ఉంటేనే ఈ టెస్టు పనిచేస్తుంది. సీలు చింపని చాక్లెట్ ప్యాకెట్ లాగా కనిపించేదో, అగ్గిపెట్టో ఐతే కొంత నయం. ముందుగా ఓ పదిమంది పిల్లల్ని ఉత్త డబ్బా చూపించి అడగండి, అందరూ ఒకే మాట చెప్తేనే ఆ డబ్బా వాడండి.

టీనేజ్ వైపుకొస్తే హాపె 1994లో రాసిన వింత కథలు ఉన్నాయి, అబద్ధం, ఎగతాళి, ఒప్పించడం, మర్యాద కోసం చెప్పే అబద్ధం ఇట్టాంటివి. అందులో ఒక పిల్ల క్రిస్మస్‌కి కుందేలు కావాలని ఏడాదంతా ఎదురుచూస్తే వాళ్ళమ్మానాన్న బోరు కొట్టే ఎన్‌సైక్లోపీడియాలు ఇస్తారు, ఆ పిల్ల "నాకు కావాల్సింది ఇదే" అంటుంది, ఎందుకట్టా అందని ప్రశ్న. స్పెయిన్‌లో పిల్లలకి పెద్ద బహుమతులు జనవరి 6న ముగ్గురు రాజులు తెచ్చిపెడతారని నమ్మకం. రాజులు తెచ్చారనుకునే పిల్లకి అమ్మానాన్న దగ్గర మర్యాద కోసం అబద్ధమాడాల్సిన పనేముంది? కుందేలు, పుస్తకాలు అన్నీ కరెక్టుగా స్పానిష్‌లోకి వచ్చినా కథ చచ్చిపోతుంది, పుట్టినరోజు అని మారిస్తే బతుకుతుంది. మనకైతే ఇంకో చిక్కు, ఇచ్చినవాళ్ళ ఎదురుగా కాగితం చింపి చూడటం చాలా ఇళ్ళల్లో లేదు, వాళ్ళు పోయాకే విప్పుతాం.

నోరు జారడం గుర్తుపట్టే టెస్టుకి మాత్రం మన దగ్గర కథలకి కొదవలేదు. పెళ్ళిలో చదివింపుల్లో వచ్చిన స్టీలు క్యాన్ చూసి పెళ్ళికూతురి పిన్ని "ఇదెవరిచ్చారే, మూత కూడా పట్టట్లేదు" అంటుంది, ఇచ్చినావిడ పక్కనే కూర్చుని ఉంటుంది. ఎవరైనా అనకూడని మాట అన్నారా, ఎవరు, ఎందుకు అనకూడదు, ఇచ్చింది పక్కనావిడని పిన్నికి తెలుసా? ఈ చివరి ప్రశ్నే కీలకం, తెలిసే అన్నదని పిల్లాడు చెప్తే వాడు పొరపాటుని కోపం కింద లెక్కేశాడన్నమాట. (పిన్నుల మధ్య పాత తగాదాలుండే ఊళ్ళల్లో తెలిసే అనుంటదని చెప్పే పిల్లలు కూడా ఉంటారు, ఆ జవాబుని ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోండి.)

పద్ధతి సంగతి. టెస్టుల్ని వేరే భాషలోకి మార్చుకోవడం మీద అంతర్జాతీయ టెస్ట్ కమిషన్ వాళ్ళ గైడ్‌లైన్స్ రెండో ఎడిషన్ 2017లో వచ్చింది, అది దగ్గర పెట్టుకోండి. ఇద్దరు వేరువేరుగా తెలుగు చేసి తర్వాత కూర్చుని ఒకటి చెయ్యాలి, అసలు టెస్టు చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి, తేడా వచ్చినచోట గొడవ పడాలి, అంగన్‌వాడీ టీచరు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజీ వాళ్ళు ఇట్టాంటి నలుగురైదుగురు ఒక్కో ప్రశ్న చదివి ఇది మన పిల్లలకి పనికొస్తుందా లేదా మార్కులెయ్యాలి, ఆ తర్వాత కొద్దిమంది పిల్లల దగ్గర చెప్పి "నీకేం అర్థమైంది" అని అడగాలి, ఈ చివరిదాన్నే అందరూ ఎగ్గొడతారు, అసలు బంగారం అక్కడే దొరికేది. ప్రశ్న పిల్లల మాటలో ఉండాలి. "ముందు ఎక్కడ వెతుకుద్ది" అనాలి, ఆ ముందు అన్న మాట చిన్నదే కానీ అది చేరిస్తే మూడేళ్ళ పిల్లలు కూడా మెరుగ్గా చెప్పారని 1991లోనే సీగల్, బీటీ చూపించారు. తెలుగులో ఇంకో మెలిక ఉంది, పిల్లకీ గోలీకీ ఇద్దరికీ "పోయింది", "ఉంది" అనే అంటాం, పెట్టెలోకి పోయింది అంటే గోలీనా సాలీనా? కథలో ఒకరిని మగపిల్లాణ్ణి చేసేస్తే ఈ తలనొప్పి ఉండదు. అడిగిందే మళ్ళీ అడగొద్దు, మన బళ్ళల్లో సారు రెండోసారి అడిగాడంటే మొదటి జవాబు తప్పని అర్థం, పిల్లాడు ఠక్కున మార్చేస్తాడు.

మార్కులిచ్చేటప్పుడు ఇద్దరు విడివిడిగా వెయ్యాలి. వింత కథల్లో 0, 1, 2 మార్కులుంటాయి, "వాళ్ళమ్మ బాధపడుద్దని" అంటే 2, ఊరికే "పెద్దోళ్ళతో అట్టాగే చెప్పాలి" అంటే ఎంత? మన పిల్లల్లో ఈ రెండో రకం జవాబు ఎక్కువొస్తుందని నా అనుమానం. ఒంగోలు టౌన్లో కార్పొరేట్ స్కూలు పిల్లల్ని మాత్రమే తీసుకుని మన పిల్లలు అని రాయొద్దు, గిద్దలూరు వైపు ఊళ్ళల్లో పిల్లలూ, సముద్రం ఒడ్డు పిల్లలూ ఉండాలి. వయసు పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతున్నాయో లేదో చూడండి, పెరక్కపోతే ఆ టెస్టు ఇంకేదో కొలుస్తుంది. పిల్లలకి ఈ తెలివి ఏది ముందు, ఏది తర్వాత వస్తుందన్న మెట్ల వరస కూడా వేరే దేశాల్లో లాగే వస్తుందని ముందే అనుకోవద్దు. వెల్‌మన్, లియూ 2004లో అమెరికా పిల్లల మీద ఐదు మెట్లు కట్టారు, చైనా పిల్లల్లో 2006లో చూస్తే రెండు మెట్లు తారుమారయ్యాయి, అమెరికాలో "మనుషులు వేరే వేరేగా అనుకుంటారు" అన్నది ముందు వస్తే, చైనాలో "చూసినోడికి తెలుసు, చూడనోడికి తెలీదు" అన్నది ముందు వచ్చింది, ఇరాన్ పిల్లల్లోనూ చైనా వరసే. "నీకేం తెలుసు" అన్న మాట రోజుకి పదిసార్లు వినే మన ఇళ్ళల్లో ఏ వరస వస్తుందో, మీరు చేస్తే నేనూ చదువుతా. డబ్బులిచ్చి కొనే టెస్టులకి పబ్లిషర్ దగ్గర పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి. టైమ్ తక్కువైతే మూడు కథలు చాలు, ముప్పై కథలు చెడగొట్టడం కంటే.

ప్రశ్న (ఆత్మకూరు దగ్గర నుంచి అంగన్‌వాడీ టీచరు): మా సెంటర్లో పిల్లలకి బొమ్మల కథ చెప్తే అందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు గానీ జవాబు చెప్పట్లేదమ్మా. వేరే దారి ఏమన్నా ఉందా?

జవాబు: ఉందమ్మా. కాలగన్ అనే ఆవిడ బృందం 2005లో కెనడా, ఇండియా, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ ఐదు చోట్లా ఒకే పద్ధతిలో చేశారు, పెరూలో మాట్లాడేది ఎక్కువగా స్పానిషే. బొమ్మలు లేవు, కథ లేదు. ఒక వస్తువు, మూడు గిన్నెలు, ఇద్దరు పెద్దవాళ్ళు. మీరు, ఆయమ్మ కూర్చోండి, మూడు స్టీలు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద గోలీ పెట్టండి, పిల్లాడు చూడాలి. ఆయమ్మ పొయ్యి మీద గుడ్లు చూసొస్తానని లేచిపోవాలి. "మనం ఆయమ్మని ఆట పట్టిద్దామా" అని మీరు అని, గోలీని వేరే గిన్నె కిందికి పిల్లాడి చేతే మార్పించండి. ఆయమ్మ వచ్చే చప్పుడవగానే "ఇప్పుడు ఆయమ్మ ముందు ఏ గిన్నె ఎత్తుద్ది, వేలుతో చూపించు" అనండి. వేలు చూపిస్తే చాలు, నోరు తెరవక్కర్లేదు. సిగ్గుపడే పిల్లలకి ఇది బాగా కుదురుతుంది. మూడేళ్ళోళ్ళు ఎక్కువమంది గోలీ ఉన్న గిన్నె చూపిస్తారు, ఐదేళ్ళోళ్ళు ఎక్కువమంది పాత గిన్నె చూపిస్తారు, ఆ ఐదు దేశాల్లోనూ అంతే వచ్చింది.

ఒక్కొక్కరితో విడిగా ఆడండి, లేకపోతే కిటికీలోంచి ఇంకో పది మంది "ఇదిగో ఇదీ" అని అరుస్తారు. గోలీ చిన్నది, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే చింతపిక్కలూ గోలీలూ వద్దు, పెద్ద బంతి పెట్టండి. ఇది ఆట, రిజిస్టర్లో రాసే మార్కు కాదు. తప్పు చెప్పిన పిల్లాడి వాళ్ళమ్మకి అసలు చెప్పొద్దు, ఆవిడ ఆ రాత్రి నిద్రపోదు.

ప్రశ్న (చీమకుర్తి నుంచి ఒక తాత): మా మనవడు నాలుగేళ్ళోడు, అరిసె దొంగతనంగా తిని మూతికి నూనె కారతా ఉంటే "కాకి తినింది" అంటాడు. వీడికి పరీక్ష దేనికమ్మా, పరీక్ష పెట్టేవాళ్ళకే వీడు పెడతాడు.

జవాబు: తాతా, మీ మనవడు సగం పాసు. మీకు లేని మాట నమ్మించాలని చూశాడు, అంటే జరిగింది ఒకటైనా మీరు ఇంకోటి నమ్మొచ్చని వాడికి తెలుసు. మిగతా సగం, మూతికి నూనె మీకు కనపడుతుందన్న సంగతి, ఇంకా రాలేదు, వచ్చాక మీరు పట్టుకోలేరు. ఇంట్లో వాడికంటే పెద్దపిల్లలు ఉన్నారా? అన్నాతమ్ముళ్ళు, అక్కాచెల్లెళ్ళున్న పిల్లలు ఈ పరీక్షల్లో కాస్త ముందుంటారని 1994లో పెర్నర్ వాళ్ళు చూశారు, దాగుడుమూతలూ కొట్లాటలూ ఊరికే పోవు.

ప్రశ్న (సింగరాయకొండ నుంచి ఒక తండ్రి): మా పాపకి 14 ఏళ్ళు, చదువులో ఫస్టు. ఫ్రెండ్స్ వెటకారంగా అన్నది నిజమనుకుని ఇంటికొచ్చి బాధపడుద్ది. ఇంటర్నెట్లో కళ్ళ ఫొటోలు చూసి మనసు చెప్పే టెస్టు చేసింది, 36కి 17 వచ్చాయి. అప్పట్నుంచి నాలో ఏదో లోపం ఉంది నాన్నా అంటుంది.

జవాబు: ఆ టెస్టు గురించి పాపకి కూర్చోబెట్టి చెప్పండి. బారన్ కోహెన్ వాళ్ళు 2001లో మార్చి ఇచ్చిన 36 ఫొటోల టెస్టు అది, పెద్దవాళ్ళది. పిల్లలకి వేరేది ఉంది, 28 ఫొటోలు. రెండిట్లోనూ ఉన్నవి తెల్లవాళ్ళ కళ్ళు, నలుపు తెలుపులో, పక్కన నాలుగు ఇంగ్లీషు మాటలు, పెద్దవాళ్ళ టెస్టు మాటల్లో కొన్ని డిగ్రీ చదివినోళ్ళకి కూడా డిక్షనరీ చూస్తేగానీ తెలీవు. స్పెయిన్‌లోనూ అర్జెంటీనాలోనూ దీన్ని స్పానిష్‌లో విడివిడిగా సరిచూసుకున్నారు, ఒక్క భాషే అయినా సరే. జపాన్, అమెరికా వాళ్ళ మీద చేసినప్పుడు ఎవరి జనం కళ్ళు వాళ్ళు బాగా చదివారు. మరి సింగరాయకొండలో కూర్చుని ఇంగ్లీషు మాటల్తో తెల్లవాళ్ళ కళ్ళు చదివిన పిల్లకి 17 రావడంలో లోపం ఎవరిది?

ఈ వయసుకి సాలీ కథ పనికిరాదు, అందరూ పాసయిపోతారు. అందుకే టీనేజ్ వాళ్ళకి సినిమాలాంటి టెస్టులు పెడతారు. మాస్క్ అని ఒకటి ఉంది, 2006లో జర్మనీలో చేసింది, నలుగురు శనివారం సాయంత్రం భోజనానికి కలుస్తారు, మధ్యలో ఆపి ఆపి ఇప్పుడు వీడేమనుకుంటున్నాడు అని అడుగుతారు. దాన్ని స్పానిష్‌లోకి డబ్బింగ్ చేసి 2014లో సరిచూశారు. ఇంకొకటి 2013లో వచ్చింది, హెరాల్డ్ లాయిడ్ అనే హాస్యనటుడి 1923 నాటి మూకీ సినిమా ముక్కలు చూపించి అడుగుతారు, మాటలే లేవు కాబట్టి డబ్బింగ్ గొడవ లేదు, కానీ జవాబులకి మార్కులు ఎట్టా వెయ్యాలన్నది మళ్ళీ ఒక్కో దేశంలో చూసుకోవాల్సిందే.

వెటకారం సంగతికొస్తే, అది గొంతులో ఉంటుంది, ఊరిని బట్టి కూడా ఉంటుంది. "అబ్బో, బలే చేశావు లే" అన్న మాటని ఒంగోల్లో పెరిగిన పిల్ల పట్టుకున్నంత తేలిగ్గా, కొత్తగా వచ్చిన పిల్ల పట్టుకోలేదు. పాపకి చిన్నప్పట్నుంచీ ఇట్టాగే ఉందా, ఫ్రెండ్స్ అసలు లేరా, శబ్దాలు, బట్టలు, దినచర్య లాంటి వాటితో ఇబ్బంది పడుద్దా అన్నది చూసుకోండి. అవి ఉంటే ఇంటర్నెట్ టెస్టులు మానేసి క్లినికల్ సైకాలజిస్టుకి చూపించండి. మీకు దగ్గర్లో నెల్లూర్లో వైకల్యం ఉన్నవాళ్ళకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ కేంద్రం సి.ఆర్.సి. ఉంది, సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. కింద నడుస్తుంది, అక్కడ అడగొచ్చు. మన దేశంలో ఆటిజం సర్టిఫికెట్‌కి, ఆటిజం ఎంత ఉందో లెక్కెయ్యడానికి వాడే ఐసా (ISAA) స్కేలు వేరే, అందులో 40 అంశాలుంటాయి, కళ్ళ ఫొటోలకి దానికీ సంబంధం లేదు. అవేమీ లేకుండా ఫ్రెండ్స్ మాటకి బాధపడటం ఒక్కటే అయితే, ఆ ఫ్రెండ్స్ సంగతి కూడా ఓసారి చూడండి.

ప్రశ్న (కావలి నుంచి, చెవిటి పిల్లలకి పాఠం చెప్పే ఒక టీచరు): మా పిల్లల్లో తొమ్మిది, పదేళ్ళోళ్ళు కూడా సాలీ కథకి తప్పు చెప్తున్నారు. వీళ్ళకి తెలివి తక్కువని ఒకాయన తేల్చేసి పోయాడు. నాకు ఒళ్ళు మండింది.

జవాబు: మండాల్సిందే. దీనికి సాక్ష్యం ఒక స్పానిష్ దేశంలోనే ఉంది. మధ్య అమెరికాలోని నికరాగ్వాలో 1970ల చివర్లో చెవిటి పిల్లల్ని రాజధాని మానాగ్వాలో ఒక బళ్ళో ఒకచోట చేర్చారు, అంతకుముందు వాళ్ళు ఎవరింట్లో వాళ్ళు ఏవో సైగలతో గడిపేవాళ్ళు. పెదాలు చూసి స్పానిష్ నేర్చుకోమన్నారు, అదేం కాలేదు, పిల్లలు వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటా ఒక కొత్త సంజ్ఞా భాష పుట్టించుకున్నారు. మొదటి జట్టు భాష ముడి సరుకు, తర్వాత వచ్చిన చిన్నపిల్లలు దాన్ని బాగా పదును పెట్టారు, అనుకోవడం, తెలియడం, తెలియకపోవడం చెప్పే సంజ్ఞలు వీళ్ళ దగ్గర ఎక్కువ. 2009లో పయర్స్, సెంగస్ అనే ఇద్దరు ఈ రెండు జట్లకీ, అప్పటికి పెద్దవాళ్ళయిపోయారు, సాలీ కథలాంటిదే మాటల్లేకుండా పెట్టారు. పెద్దవాళ్ళయిన మొదటి జట్టు తప్పింది, చిన్నజట్టు పాసయింది. పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు చేసుకునే వయసు మనుషులు తప్పారంటే తెలివి తక్కువై కాదు కదా. మళ్ళీ రెండేళ్ళకి చూస్తే మొదటి జట్టు కూడా ఆ సంజ్ఞలు నేర్చుకుంది, పరీక్షలోనూ మెరుగయింది.

చెవిటి తల్లిదండ్రులకి పుట్టి, పుట్టినప్పట్నుంచీ సంజ్ఞా భాషలో పెరిగిన పిల్లలు ఈ పరీక్షలు మామూలు వయసుకే పాసవుతారు. మీ పిల్లల్లో చాలామందికి వినపడే అమ్మానాన్నే ఉంటారు, ఇంట్లో "అన్నం తిను", "బడికి పో" వరకు సైగలుంటాయి, "మీ నాన్న నువ్వు అలిగావనుకున్నాడు" అన్న సంగతి వాళ్ళకి సైగల్లో ఎవరు చెప్తారు? మీరు చెప్పండి. బొమ్మల కథ చూపించేటప్పుడు బొమ్మ తల మీద ఆలోచన బుడగ గీసి అందులో బుట్ట వెయ్యండి, సంజ్ఞలు బాగా వచ్చిన పెద్దపిల్లల్ని చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి, అమ్మలకి వారానికోసారన్నా నాలుగు సంజ్ఞలు నేర్పండి. ఆ ఒకాయన మళ్ళీ వస్తే, పరీక్ష ఏ భాషలో పెట్టారు సార్, మీకు సంజ్ఞలు వచ్చా అని అడగండి.